ఏడో రీలు

అత్తిలిలో ఆ సిపాయి పేరు గంగరాజు. ఉంగుటూరులో వీరాస్వామి. తాడేపల్లిగూడెం వచ్చేసరికి సత్తియ్య అయ్యాడు. మనిషి మాత్రం ఒక్కడే. మొహమంతా గుడ్డపట్టీలు చుట్టుకుని, కళ్లు రెండూ తప్ప ఇంకేమీ కనపడకుండా, ఏ దేశానిదో తెలియని ఆసుపత్రిలో ఇనప మంచం మీద పడుకుని ఉంటాడు. ఏ ఊళ్లో ఏ పేరు పెట్టి పిలిచినా పలకడు. తెరమీది మూగబొమ్మ కదా.

పేర్లు పెట్టడం ప్రభుదాసు పని. తెర పక్కన బల్ల మీద నిలబడి, పొడుగాటి వెదురుకర్రతో తెరమీది మనుషుల్ని చూపిస్తూ కథ చెప్పేవాడాయన. కొత్త ఊరు చేరగానే సామాను దించకముందే కాఫీ హోటల్లో కూర్చునేవాడు. "ఏవండీ, మీ వైపునించి జర్మనీ యుద్ధానికెళ్లి తిరిగి రానివాళ్లు ఎవరైనా ఉన్నారాండీ?" అని మెల్లిగా కదిపేవాడు. ఎవరో ఒకరు ఉండకపోరు. సాయంత్రానికి ఆ పేరూ ఆ ఊరూ పట్టీల మనిషికి తగిలేవి. దొరల బొమ్మ కాస్తా మన బొమ్మ అయిపోయేది. మర్నాడు పక్కూళ్ల నించి బళ్లు కట్టుకుని వచ్చేవారు. ఇందులో తప్పేముందని ఆయన వాదన. దొరల పేర్లకి మనకి నోరు తిరగదు, మన పేర్లు పెడితే దొరలొచ్చి దెబ్బలాడరు.

లిడియా ఆయన కూతురు. ఇరవై రెండేళ్లది. మిషను బళ్లో చదువుకుంది కాబట్టి, బొమ్మ మధ్యమధ్యలో వచ్చే ఇంగ్లీషు అక్షరాలు చదివి తండ్రికి అర్థం చెప్పేది ఆమే. తెర కింద కూర్చుని హార్మోనియం వాయించేదీ ఆమే. తెగిన ఫిల్ము అతికించేదీ ఆమే. కరపత్రంలో మాత్రం ఆమె పేరు ఉండేది కాదు. హార్మోనియం పేరు ఉండేది.

గూడెంలో ఆఖరి రోజున ఈదురుగాలికి డేరా నిలువునా చిరిగింది. కంపెనీ యజమాని నరసింహమూర్తి గారు చిరిగిన గుడ్డకేసి కాసేపు, ఆకాశంకేసి కాసేపు చూసి, "సరే, ఏలూరులో కాలవొడ్డున బియ్యం మిల్లు గొడౌను ఒకటి ఖాళీగా ఉందిట, పదండి" అన్నారు. తలుపులు మూసి, కిటికీలకి గోనెపట్టాలు కొడితే పట్టపగలే చీకటి. పైగా మిల్లు ఇంజను నించి కరెంటు. మూడు గంటలకి ఆట. లోపల కూర్చున్నవాళ్లు బొమ్మ చూసి ఏడుస్తున్నారో ఉక్కకి చెమటలు కారుస్తున్నారో తెలిసేది కాదు.

సత్తియ్య ఊరు కొల్లేటి లంకల్లోది, ఏలూరుకి కొల్లేరు దగ్గరే కాబట్టి సిపాయికి పేరు మార్చే పని పడలేదు. సత్తియ్య సత్తియ్యగానే ఉండిపోయాడు.

*

గురువారం పొద్దున్న లిడియా గొడౌను గుమ్మంలో, వెలుతురు పడేచోట చాపేసుకుని మూడో రీలు బాగుచేస్తోంది. తెగిన చోట అంచు సరిగ్గా కత్తిరించి, నాలిక మీద వేలు తడిచేసి ఫిల్ము మీద రాసి, మెత్తబడిన మందుపూతని బ్లేడుతో గీకేసి, సిమెంటు అనే ఫిల్ము జిగురు పూసి, రెండో ముక్క దానిమీద కూర్చోబెట్టి, బొటనవేలితో నొక్కి పది లెక్కపెట్టాలి. ఆ సిమెంటు మాగిన అరటిపండు వాసనేస్తుంది. ఎనిమిది దాకా లెక్కపెట్టింది.

"బొమ్మోళ్లు ఇక్కడేనాండీ?"

నలభై దాటిన మనిషి. మోకాళ్ల దాకా బురద ఎండి తెల్లగా పెచ్చులు కట్టింది. చంకలో మూట. చేతులకి మట్టిగాజులు, నుదుట రూపాయంత బొట్టు. ఎండుచేపల వాసన ఆమెకన్నా ముందే గుమ్మం దాటి వచ్చింది.

"ఇక్కడేనండీ. ఆట మూడింటికి."

"ఆటకి రాలేదండీ. కొంగలలంక మనిషిని సూపిత్తన్నారంటగా. ఆయన్ని సూసి పోదామని."

"ఎవర్నండీ?"

ఆమె మూట కిందపెట్టి, నవ్వినట్టు పెట్టింది మొహం. "ఆ పేరు నేను సెప్పకూడదు గదండీ, పాపగారూ."

లిడియా బొటనవేలు ఫిల్ము మీదే ఉండిపోయింది. ఎవరు పేరు చెప్పకూడదో, ఎవరి పేరు చెప్పకూడదో ఆమెకి తెలుసు. ఇన్ని ఊళ్లు తిరిగారు గానీ, తండ్రి పెట్టిన పేరు వెంటబడి దాని తాలూకు మనిషి రావడం ఇదే మొదలు. ఎప్పటికైనా వస్తారని ఆమెకి తెలుసు. వస్తే ఏం చెప్పాలో మాత్రం ఎప్పుడూ ఆలోచించుకోలేదు.

"కూర్చోండి," అంది. నీళ్లిచ్చింది. ఆమె చెంబు ఎత్తిపట్టి గడగడా తాగి, తన పేరు పెద్దింటమ్మ అని చెప్పింది. తెల్లారకముందే దోనెలో ఒడ్డుకొచ్చి, అక్కణ్ణించి నడిచొచ్చిందిట.

"మీరు అంత దూరం... అసలు సంగతేంటంటే అండీ..."

"ముందు సూపించండి. తరవాత సెబుదురుగాని."

లిడియా అయిదో డబ్బా తెరిచి, బారెడు ఫిల్ము లాగి, వెలుగుకి ఎదురుగా పట్టుకుంది. భూతద్దం ముక్క ఇచ్చి ఎలా చూడాలో చూపించింది. గోరంత గోరంత గళ్లలో గోరంత మంచాలు, ప్రతి మంచం మీదా అదే మనిషి. పెద్దింటమ్మ ఒక కన్ను మూసి, అద్దంలోంచి చాలాసేపు చూసింది. బియ్యంలో రాళ్లేరేటప్పుడు చూసేలాంటి చూపు అది. దేన్నీ తొందరపెట్టదు, దేన్నీ వదిలిపెట్టదు.

"ఈ సేతులు వల లాగిన సేతులు కావండీ," అంది చివరికి. "సేతి ఏళ్లు సూడండి, ములక్కాడల్లా ఎలా ఉన్నాయో. మా ఆయనకి ఈ రెండేళ్లూ వంకర. జెల్లసేప ముల్లు దిగి."

లిడియా ఫిల్ము దించేసింది. ఇంక దాచడానికి ఏమీ లేదు. "ఇదంతా మా నాన్న కల్పించిందండీ. బొమ్మ దొరలది. గూడెంలో ఎవరో మీవారి పేరు చెప్తే ఆ పేరు పెట్టేశారు. మీవారు బతికున్నారని కాదు. మాకసలు ఏమీ తెలీదు. తప్పయిపోయిందండీ."

ఏడుస్తుందనుకుంది. తిడుతుందనుకుంది. ఆ రెండిటికీ సిద్ధపడింది కూడా.

"తెలుసండీ," అంది పెద్దింటమ్మ. "తెలిసే వచ్చాను."

*

ఆమె చెప్పింది చెప్పినట్టు లిడియాకి చాలాకాలం గుర్తుండిపోయింది. గొంతు పెంచలేదు, తగ్గించలేదు. చెబుతున్నంతసేపూ కింద పడిన ఫిల్ము ముక్కల్ని ఒక్కొక్కటీ ఏరి ఒకచోట కుప్ప పెడుతూనే ఉంది. పని కనబడితే చేతులు ఊరుకోని మనిషి.

పదహారేళ్ల కిందట బస్రాలో నది మీద పడవలు నడపడానికి మనుషులు కావాలని దొరలు వస్తే వెళ్లాడు ఆమె భర్త. సిపాయీ కాదు, తుపాకీ పట్టిందీ లేదు. రెండేళ్ల తర్వాత సర్కారు కాగితం వచ్చింది. మనిషి జాడ తెలియలేదు అని. పోయాడనీ లేదు, ఉన్నాడనీ లేదు. బావగారు కొండలరావు పన్నెండేళ్లు ఓపికపట్టి, దర్భలతో మనిషి ఆకారం కట్టి దహనం చేసేద్దామన్నాడు. ఈమె ఒప్పుకోలేదు. ఎవరు చూశారు పోవడం, అంది. ఏటా ఆయన అడగడం, ఏటా ఈమె అదే మాట అనడం.

"మరి ఇప్పుడు?" అంది లిడియా.

"ఆయన పేనిన తాడు ఒక్కటుండేదండీ దోనెకి. మిగతాయన్నీ ఎప్పుడో పోయినియ్యి. మొన్న మాఘంలో అదీ తెగింది. ఒడ్డున కూకుని ఆ తాడు ముక్క సూసుకున్నాను. ఇంక సాలనిపించింది. బావగారితో నేనే సెప్పాను, కానిచ్చేయండని. సోమారం అమాస. ముహూర్తం పెట్టేశారు, దర్భలు కోసుకొచ్చేశారు." ఆమె ఇంకో ముక్క ఏరి కుప్పలో వేసింది. "అప్పుడొచ్చారండీ మావోళ్లు గూడెం సంతనించి. ఎండుసేపలమ్మి, మీ ఆట సూసి. బతికే ఉన్నాడు, కళ్లారా సూశాం, మొహానికి కట్లు కట్టారు, ఇంకో నాలుగ్రోజుల్లో పెళ్లాం ఎళ్లి తీసుకొచ్చేత్తాది అని."

లిడియా తల దించుకుంది. ఆరో రీలు చివర తండ్రి చెప్పే మాటలవి. ఉన్నవి ఉన్నట్టు.

"బతికున్నోడికి దహనం సేత్తే సంపినట్టే అన్నారు పెద్దలు. ఆపేశారు. ఇంకో పదహారేళ్లు కూకోమన్నారండీ నన్ను."

"మా నాన్నని తీసుకొస్తాను. మీ లంకకే వచ్చి, అదంతా అబద్ధమని చెప్తారు."

"నేను సెప్పానండీ అబద్ధమని. మొగుడు బతికున్నాడంటే కాదు కాదనే ఆడదాన్ని ఏవంటారో తెలుసా మీకు? మీ అయ్యగారొచ్చి సెబితే, పోలీసోళ్లు బెదిరించారు, అందుకే మాట మార్చాడంటారు." పెద్దింటమ్మ ఫిల్ము ముక్కల కుప్పని రెండు చేతుల్తో సర్దింది. "బొమ్మ సూపించిందండీ. బొమ్మే తీసెయ్యాలి. సెప్పండి, ఆఖరికి ఆ కట్ల మనిషి ఏవవుతాడు?"

గోడవార డబ్బాలు వరసగా ఉన్నాయి. ఆరు డబ్బాల మూతలు రోజూ చేతులు పడి మెరుస్తున్నాయి. ఏడోదాని మీద దుమ్ము.

"చచ్చిపోతాడండీ," అంది లిడియా.

అంతసేపూ గొంతుక్కూర్చున్న పెద్దింటమ్మ అప్పుడు బాసింపట్టు వేసుక్కూర్చుంది. నెత్తిమీది బరువు దింపుకున్నట్టు ఊపిరి వదిలింది.

"మరి ఆ ముక్క సెప్పరేంటండీ!"

*

ఆ ముక్క చెప్పకపోవడానికి కారణం ఉంది. భీమవరంలో చెప్పారు. సిపాయి చచ్చిపోయేసరికి జనం లేచి తెరమీదికి ఇసక విసిరారు. నాలుగు బెంచీలు విరిగాయి. ఆరు రీళ్లు ఏడిపించి చివర్న కూడా చంపేస్తావేంట్రా అని ఒక పెద్దాయన ప్రభుదాసు కండువా పట్టుకున్నాడు. ఆ రోజునించి ఏడో డబ్బా తెరవలేదు. ఆరో రీలు ఆఖర్న భార్య ఆసుపత్రి మెట్లు ఎక్కుతుండగా ప్రభుదాసు రెండు చేతులూ ఎత్తి, "అదుగో, వెళ్లింది! ఇంక నాలుగు రోజుల్లో మొగుణ్ణి తీసుకుని ఊరొస్తుంది! అందరూ చల్లగా ఇళ్లకి వెళ్లండి!" అనేవాడు. జనం చల్లగానే వెళ్లేవారు.

కాఫీ తాగి వచ్చిన ప్రభుదాసుకి లిడియా సంగతంతా చెప్పింది. ఆయన పెద్దింటమ్మకి నమస్కారం పెట్టాడు. తెర పక్కన అంత పొడుగు కనిపించే మనిషి గుమ్మంలో నిలబడితే పొట్టిగా ఉన్నాడు.

"అమ్మా, నేనేదో బతికించానమ్మా. ఇన్నూళ్లు తిరిగాను, ఎవరూ చంపమని అడగలేదు."

"ఇప్పుడు నేనడుగుతున్నానండీ."

"చూడమ్మా, జనం..."

"ఆదివారం మా బావగార్నీ, పెద్దల్నీ తీసుకొత్తాను," అంది పెద్దింటమ్మ. మూట చంకనెట్టుకుంది. "మీరు కథ బాగా సెబుతారంటండీ. మావోళ్లు సెప్పారు. పూర్తిగా సెప్పండి మరి." ఒప్పుకున్నారో లేదో చూడకుండా కాలవగట్టు పట్టుకుని వెళ్లిపోయింది.

నరసింహమూర్తి గారు వినగానే కుర్చీలోంచి లేచారు. "బెంచీలు మిల్లువాళ్లవి, ప్రభుదాసూ. ఒక్కటి విరిగినా గొడౌను ఖాళీ చేయిస్తారు. ఆదివారంతో ఎలాగూ ఈ బొమ్మకి ఆఖరు. మద్రాసు తిప్పి పంపించెయ్యమని ఉత్తరం వచ్చింది."

"పంపిస్తే అక్కడ ఎవరు చూస్తారండీ?" అంది లిడియా.

"చూసేదేముందమ్మా! బెజవాడలో బొమ్మలు మాట్లాడేస్తున్నాయి. మూగవాటిని మందునీళ్లలో కడిగి, అందులో వెండి తీసుకుంటారు. మిగిలింది దువ్వెనలకీ గాజులకీ వేస్తారు." ఆయన చెప్పులు వెతుక్కున్నారు. "బొమ్మలే మాట్లాడుతుంటే మీ నాన్న ఏం మాట్లాడతాడో, అది ఆలోచించుకోండి ముందు."

ప్రభుదాసు ఆ మాట విననట్టే వెదురుకర్ర తుడుచుకుంటున్నాడు. తుడిచిన చోటే మళ్లీ తుడిచాడు.

"నాన్నా, చూపిద్దాం," అంది లిడియా.

"వద్దమ్మా. లోకంలో చావులు చాలానే ఉన్నాయి. జనం నాదగ్గరకి వచ్చేది అది కాకుండా ఇంకోటి ఏదైనా ఉంటుందేమోనని. అది తీసేస్తే ఇంక నేనెందుకు తెర పక్కన?"

"ఆవిడ బతుకేంటి మరి?"

ప్రభుదాసు మడతమంచం వాల్చుకుని గోడవేపు తిరిగి పడుకున్నాడు.

*

శనివారం లిడియా ఏడో డబ్బా తెరిచింది. పుల్లటి చెమట కంపు మొహాన్న కొట్టింది. పై చుట్లన్నీ ఒకదానికొకటి అంటుకుని బెల్లంపాకంలా జిగురు సాగుతున్నాయి. అంచున చిల్లులు చినిగిపోయాయి. విప్పుకుంటూ, పాడైనంత మేర కత్తిరించి పడేస్తూ పోతే, లోపలి చుట్లలో నాలుగు నిమిషాల బొమ్మ మాత్రం మిగిలింది. చావు సీను మొత్తం పోయింది. సిపాయి ఎలా చచ్చిపోయాడో ఇంక ఈ ప్రపంచంలో ఎవరూ చూడలేరన్నమాట. ఖాళీ మంచం మిగిలింది. సమాధులు మిగిలాయి.

దాన్ని ఆరో రీలు తోకకి అతికిస్తుంటే బంగార్రాజు వచ్చి గుమ్మానికి ఆనుకున్నాడు. తెరమీద బొమ్మ వేసే మిషను తిప్పేది అతనే. ఏళ్లతరబడి పిడి తిప్పి తిప్పి కుడిచెయ్యి ఎడమచేతికన్నా లావెక్కింది.

"ఏంటమ్మా, ఆరో రీలు బలిసింది?"

"బంగార్రాజన్నా..."

"నాకేం చెప్పకు. నేను చెయ్యిని. చెయ్యికి చెవులుండవు. డబ్బాలో ఏముంటే అది తిప్పుతాను." నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగాడు. "అతుకు గట్టిగా ఉందా? మధ్యలో తెగితే నిప్పంటుకుంటది. పది కాదు, ఇరవై లెక్కపెట్టు."

ఆమె ఇరవై లెక్కపెట్టింది.

*

ఆదివారం గొడౌను నిండిపోయింది. ఎడమవేపు చాపల మీద ఆడవాళ్లు, కుడివేపు బెంచీల మీద మగవాళ్లు. కొంగలలంక పెద్దలు ఆరుగురు ముందు బెంచీ మీద తలగుడ్డలతో, చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, పంచాయితీకి వచ్చినట్టు కూర్చున్నారు. మధ్యలో తెల్లమీసాల మనిషి కొండలరావు. పెద్దింటమ్మ చాప మీద మొదటి వరసలో, లిడియా హార్మోనియానికి చేయిచాపు దూరంలో ఉంది. కొత్త చీర కట్టింది. మడతలు ఇంకా విడలేదు.

ప్రభుదాసు ఆ రోజు ఎన్నడూ చెప్పనంత బాగా చెప్పాడు. లంక వాళ్లని చూసి కావాలనే చెప్పాడేమో. పడవలో సత్తియ్య వెళ్లిపోతుంటే కొల్లేట్లో పక్షులు కూడా లేచి వెంటబడ్డాయన్నాడు. తెరమీద సముద్రం, ఓడ, టోపీల దొరలు. ఎవరికీ అభ్యంతరం లేకపోయింది. భార్య ఊరూరా తిరిగి, ఫోటో చూపించి, ఇతన్ని చూశారా అని అడుగుతోంది. గుమ్మాలు తెరుచుకుంటున్నాయి, మూసుకుంటున్నాయి. ఆడవాళ్లలో ముక్కులు చీదడం మొదలైంది. పట్టీల మనిషి కనబడగానే లంక పెద్దల్లో ఒకాయన కొండలరావుని మోచేత్తో పొడిచాడు. అడుగో.

ఆరో రీలు. మెట్లు. ప్రభుదాసు రెండు చేతులూ ఎత్తాడు. "అదుగో, వెళ్లింది! ఇంక నాలుగు రోజుల్లో..."

తెరమీద బొమ్మ చిన్నగా ఎగిరిపడింది. అతుకు దాటింది.

తెర తెల్లబడలేదు. ఆమె మెట్లెక్కి లోపలికి వెళ్లింది. వరసగా మంచాలు. ఒక మంచం ఖాళీ. దాని మీద నాలుగు మడతలు పెట్టిన కంబళి. నర్సు తల అడ్డంగా ఊపింది.

ప్రభుదాసు చేతులు గాల్లోనే ఉండిపోయాయి. తెరకేసి చూసి, కిందకి కూతురికేసి చూశాడు. ఆ చూపు భరించలేక లిడియా హార్మోనియం మెట్ల మీదికి తల వంచింది గానీ చేతులు ఆపలేదు.

తెర నిండా సమాధులు. ఒకటే ఎత్తు, ఒకటే తెలుపు, కనుచూపు మేర సిలువలు. భార్య ఒక్కొక్కదాని దగ్గరా వంగి పేరు చదువుతూ నడుస్తోంది.

"ఏవైందండీ?" అన్నారెవరో వెనకనించి. "ఏవండీ, చెప్పండీ! ఏవైంది?" బెంచీలు కిర్రుమన్నాయి. ఒకాయన లేచి నిలబడ్డాడు. గుమ్మం దగ్గర నరసింహమూర్తి గారి పంచె తెల్లగా కదిలింది.

ప్రభుదాసు నోరు తెరిచాడు. పదేళ్లలో తెర పక్కన ఆయన మాట్లాడకుండా ఉన్న మొదటి నిమిషం అది. లిడియా హార్మోనియం తిత్తి మీంచి చెయ్యి తీసేసింది. మిషను టకటకలూ, బయట మిల్లు ఇంజనూ తప్ప ఇంకేమీ వినబడలేదు.

తెరమీది భార్య ఒక సిలువ దగ్గర ఆగింది. కూలబడింది.

పెద్దింటమ్మ లేచి నిలబడింది. వెలుగులో ఆమె తల నీడ తెర అంచున పడింది.

"అదేనండీ," అంది. చెరువు అవతలి ఒడ్డుకి వినబడేలా పిలిచే గొంతది. "అక్కడే ఉన్నాడు. సత్తియ్య. కొంగలలంక సత్తియ్య. నా పెనిమిటి. నేను గుర్తుపట్టాను."

ఆడవాళ్లందరూ ఒక్కసారి ఊపిరి బిగపట్టారు. పెళ్లయిన నాటినించి నోట పలకని పేరు. పలికేసింది. మొగుడు బతికున్న ఏ ఆడదీ నలుగురిలో అలా పలకదు. చెప్పడానికి ఇంకేమీ మిగల్లేదు.

మిషను గదిలో బంగార్రాజు చెయ్యి నెమ్మదించింది. నిప్పంటుకోకుండా ఎంత నెమ్మదిగా తిప్పొచ్చో అంత నెమ్మదిగా తిప్పాడు. తెరమీద ఆమె ఆ సిలువ దగ్గర ఉండాల్సినదానికన్నా చాలాసేపు ఉంది.

కొండలరావు తలగుడ్డ తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత అతని పక్కాయన. తర్వాత బెంచీల మీద ఎవరెవరో. లేచి నిలబడ్డాయన అలాగే నిలబడి చేతులు కట్టుకున్నాడు. ఒక్క బెంచీ విరగలేదు.

ప్రభుదాసు కర్ర కిందకి దించాడు. "అవునండీ," అన్నాడు. ఆ రోజుకి ఆయన చెప్పిన ఆఖరు మాట అదే.

*

బయట ఎండలో కొండలరావు ప్రభుదాసుని అడిగాడు. "పూడ్సేశారాండీ మా తమ్ముణ్ణి?"

"అక్కడ అందర్నీ అంతేనండీ."

"కాల్చలేదు. అందుకేనేమో ఇన్నాళ్లూ..." మీసం సర్దుకున్నాడు. "రేపు మేం కాలుత్తాం లెండి." పెద్దలు తలలూపారు. మరదలికేసి చూసి, "పద తల్లీ, చీకటడకుండా దోనెక్కుదాం" అన్నాడు. ఇన్నేళ్లలో ఆమెతో అలా మెత్తగా మాట్లాడి ఉండడు. ఆమె విననట్టే లోపలికి వెళ్లింది.

లిడియా రీళ్లు వెనక్కి చుడుతోంది. ఆమెకి పెద్దింటమ్మ మొహం చూడాలంటే ఇబ్బందిగా ఉంది. నిజం చెప్పాలని మొదలుపెట్టి, చివరికి ఆమె చేత అబద్ధం చెప్పించింది కదా.

"మీరు అలా చెప్పాల్సొచ్చింది..."

"మీ అయ్యగారు సగం సెప్పి వొదిలేశారండీ. ఎవరో ఒకరు ముగించాలి గదా," అంది పెద్దింటమ్మ. తడి లేని కళ్లతో డబ్బాలకేసి చూసింది. "పాపగారూ, ఒక ముక్క ఇత్తారా? దర్భల్లో మనిషి తాలూకాది ఏదో ఒకటి పెట్టాలంట. తాడు పెడదామనుకున్నాను, తీసి సూత్తే కుళ్లిపోయింది."

లిడియా ఆరో రీలు తోక పట్టుకుని, సిలువ ఉన్న చోట కత్తెర పెట్టింది.

"అది కాదండీ. కట్లాయన్ని."

"ఆయన మీవారు కాదన్నారుగా?"

"కాడు. అయితే ఏవండీ? ఎవరి తాలూకానో పాపం. ఇన్నూళ్లు తిప్పారు, ఊరికో పేరెట్టారు, ఆయనకి ఇంతవరకూ ఎవరైనా సేశారా? పనిలో పని, ఆయనకీ అయిపోద్ది."

లిడియా అయిదో డబ్బా తెరిచింది. జానెడు ముక్క కత్తిరించి, కాగితంలో చుట్టి ఇచ్చింది. మద్రాసులో ఎవరూ లెక్కపెట్టరు. "దీన్ని పొయ్యి దగ్గర పెట్టకండి. నిప్పు తగిలితే చాలు, ఒక్కసారే లేస్తుంది. నీళ్లు పోసినా ఆరదు. వాళ్లకి చెప్పండి, దూరంగా నిలబడమనండి."

"మీరే వచ్చి సెప్పండి," అంది పెద్దింటమ్మ.

*

సోమవారం పొద్దున్న ప్రభుదాసు కూడా వచ్చాడు. ఎవరూ పిలవలేదు. కర్ర తీసుకురాలేదు. లంకలో మగవాళ్లతో కలిసి, వాళ్లకి నాలుగడుగుల వెనక నడిచాడు. ఆడవాళ్లు అటు వెళ్లకూడదు కాబట్టి, మగవాళ్లని అవతలికి దాటించి వచ్చి పెద్దింటమ్మా, లిడియా రేవులో దోనె పక్కన నిలబడ్డారు. మధ్యలో పాయ నీళ్లు, కిక్కిసగడ్డి. అవతలి గట్టు మీద మనుషులు ఫిల్ములో గళ్లంత ఉన్నారు.

దర్భలు పచ్చివి. పొగ మాత్రం చాలాసేపు లేచింది. గడ్డి మీదుగా నీళ్ల మీదకి పాకి వచ్చి కళ్లు మండించింది. పెద్దింటమ్మ కొంగు అడ్డం పెట్టుకోలేదు. చూస్తూనే ఉంది.

ఉన్నట్టుండి పొగలో తెల్లటి వెలుగు. పట్టపగలే, ఎండలోనే తెల్లగా కనబడింది. రెప్పపాటు. గట్టు మీద మనుషులు ఒక్కడుగు వెనక్కి వేశారు. గడ్డిలోంచి కొంగలు లేచాయి. తర్వాత మామూలు మంటే.

"అంతేనా?" అంది పెద్దింటమ్మ.

"అంతేనండీ. దాని తీరే అంత."

ఆమె అప్పుడు ఏడ్చింది. పెద్దగా కాదు. దోనె అంచు పట్టుకుని, భుజాలు కదలకుండా, దగ్గరున్నవాళ్లకి కూడా తెలియనట్టు ఏడ్చింది. లిడియా దగ్గరికి వెళ్లాలో వద్దో తెలియక అక్కడే నిలబడింది. కాసేపటికి ఆమె కొల్లేటి నీళ్లు దోసిట పట్టి మొహం కడుక్కుంది. మగవాళ్లు స్నానాలకి దిగుతున్నారు. వాళ్లని ఇటు దాటించాలి.

దోనెకి కట్టింది కొత్త తాడు. ఇంకా బిరుసు పోలేదు. గుంజకి వేసిన ముడి తడిసి బిగిసిపోయింది. పెద్దింటమ్మ రెండుసార్లు లాగి చూసి, "ఓ సెయ్యెయ్యండి, పాపగారూ" అంది. ఇద్దరూ చెరో కొసా పట్టుకుని లాగారు.